తడి కొంగు

ఆ రోజు పొద్దున్నే సైదాబీ పెట్టె అడుగునున్న పచ్చంచు చీర తీసి కట్టుకుంది. మనవరాలు రేష్మాని చర్మం డాక్టరమ్మకు చూపించాలి. తోడు ఎవరు వెళ్తారు? కోడలు నజీమా కిడ్నీల జబ్బుతో పోయి నాలుగేళ్లయింది. కొడుకు హబీబుల్లా లారీ తోలుకుంటూ ఒరిస్సా దారిలో ఎక్కడున్నాడో. ఇక ఆ ఇంట్లో మిగిలింది తనే గదా!

రేష్మా అద్దం ముందు నిలబడి, మచ్చ కనబడకుండా జుట్టు ఎడమ చెంప మీదికి దువ్వుకుంటోంది. చెవి కింద మొదలై దవడ దాకా ముడతలు పడి మెరిసే మచ్చ అది. మూడేళ్లప్పుడు సున్నం పడి కాలింది. ఇప్పుడు ఇరవై ఒకటి. ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలకు చదువు చెబుతోంది. ఏ ఫొటోలో చూసినా కుడివైపే కనబడుతుంది ఆ పిల్ల.

"నువ్వెందుకు తయారయ్యావు నాయనమ్మా?"

"ఎందుకేంది? ఒక్కదాన్నే పంపుతానా? లేజరంటే లైటు పెట్టి కాలుస్తారంటగా, పక్కింటి జరీనా చెప్పింది."

"ఇవాళ ఊరికే చూస్తారు, అంతే. ఎండగా ఉంది, నువ్వు ఇంట్లో ఉండు."

"రెంటచింతల ఎండలో పుట్టి పెరిగినదాన్ని. ఈ పేట ఎండ నన్నేం చేస్తదే?"

"వద్దంటే వినవా?"

"అచ్చం మీ అమ్మ పోలికే! ఆమె కూడా ఇట్టనే నెట్టేసింది నన్ను, నలుగురి ముందూ!"

దువ్వెన ఆగిపోయింది. రేష్మా దాన్ని పక్కన పెట్టేసింది. "సరే, రా. కానీ డాక్టరమ్మ ముందు నువ్వు నోరు తెరవమాక."

"నోరు తెరవకపోతే ఊపిరెట్టా తీసుకోనే?" అని నవ్వింది సైదాబీ. మనవరాలు నవ్వలేదు. అది గమనించింది గానీ, భయపడుతున్నదేమోలే అనుకుంది.

ఆసుపత్రి చల్లగా ఉంది. డాక్టరమ్మ చిన్న వయసుది. రేష్మా గడ్డం పట్టుకుని, చెంప వెలుతురుకు తిప్పి, వేలితో మచ్చను అటూ ఇటూ కదిలించి చూసింది.

"పూర్తిగా పోతుందని చెప్పనమ్మా. చెబితే అబద్ధం అవుతుంది. నెలకో సిట్టింగు, ఐదో ఆరో పడతాయి. మెత్తబడుతుంది, రంగు కలుస్తుంది, నవ్వినప్పుడు ఈ లాగుడు తగ్గుతుంది. ఎండ మాత్రం తగలనియ్యకూడదు. సరే, ఇది ఎలా కాలింది?"

"సున్నం పడింది మేడం, చిన్నప్పుడు," అని రేష్మా గబగబా అనేసింది.

"తడి సున్నమా, పొడి సున్నమా? వెంటనే ఏం చేశారు?"

"నాకు గుర్తులేదు మేడం."

"దానికేం గుర్తుంటది తల్లీ, నన్నడుగు!" అని సైదాబీ కుర్చీ ముందుకు లాక్కుంది.

"నాయనమ్మా, వద్దు."

"ఉండవే. డాక్టరు దగ్గర దాస్తారా ఎవరైనా?"

ఈ కథ సైదాబీ పద్దెనిమిదేళ్లుగా చెబుతూనే ఉంది. కుళాయి దగ్గర చెప్పింది, పెళ్లిళ్లలో చెప్పింది, ఆఖరికి నజీమా పోయిన నలభయ్యో రోజున వచ్చిన చుట్టాలకూ చెప్పింది. ఏ మాట తర్వాత ఏ మాటో ఆమె నాలుకకు తెలుసు.

"అప్పుడు మా వాళ్లు పిడుగురాళ్లలో ఉండేవాళ్లమ్మా. నా కోడలు సున్నపు బట్టీలో పని. పిల్లను సాకటానికి నేను మా ఊరి నుంచి వచ్చి వారం కూడా కాలేదు. పిల్లని చూడాలనుంది, అన్నంతో పాటు ఎత్తుకురా అత్తా అని తనే కబురు పెట్టింది. పోయాను. పొడి సున్నం బస్తా ఒకటి జారి పగిలింది. దీని చెంప మీద తెల్లగా పడింది, పిండి చల్లినట్టు. ఏడవను కూడా లేదు పిచ్చిముండ. నేనేం తక్కువదాన్నా? గబుక్కున కొంగు నీళ్లల్లో ముంచి అద్ది తుడిచాను. అప్పుడు కెవ్వుమంది. అంతలో కోడలు ఉరికొచ్చి నన్ను ఒక్క నెట్టు నెట్టింది చూడూ, వెల్లకిలా పడ్డాను! పోనీ కడిగిందా? ఉహుఁ. పొడిగుడ్డ తీసుకుని దులుపుతా కూర్చుంది. తర్వాతెప్పుడో పోసింది నీళ్లు, బిందెలు బిందెలు. నన్ను తుడవనిచ్చుంటే ఈ పిల్లకు ఇంత మచ్చ పడేదా, నువ్వే చెప్పు తల్లీ!"

రేష్మా కళ్లు మూసుకుంది.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూనే మామూలుగా అంది. "అయ్యో, తడిగుడ్డ పెట్టకూడదమ్మా. పొడి సున్నానికి కొంచెం తడి తగిలితే అక్కడికక్కడే ఉడికిపోతుంది. ముందు పొడిగా దులపాలి, తర్వాత ధారగా నీళ్లు పోయాలి. మీ కోడలు సరిగ్గా చేసింది. కంటికి పాకకుండా కాపాడింది ఆవిడే."

సైదాబీ తన కుడిచేతి వేళ్లకేసి చూసుకుంది. కొసలు నున్నగా, గీతలు లేకుండా ఉంటాయి. ఆధార్ మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా ముద్ర పడని వేళ్లు. ఆ రోజు కొంగు పట్టుకున్న వేళ్లు అవే.

ఇద్దరూ ఆటోలో ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గర పక్కింటి జరీనా ఎదురై, "ఏమందక్కా డాక్టరు?" అని అడిగితే, సైదాబీ ఆమెను దాటుకుని లోపలికి పోయింది. జరీనా నోరు తెరిచి అట్టనే నిలబడింది. ఇన్నేళ్లలో అడిగినదానికి సైదాబీ బదులియ్యకపోవడం అదే మొదలు.

లోపల మంచం పట్టె మీద కూర్చుని, "నీకు తెలుసు," అంది సైదాబీ.

రేష్మా డాక్టరమ్మ ఇచ్చిన చీటీని మడిచి అలమారలో పెట్టింది.

"పొద్దున్నే రావద్దంది అందుకేనా? చెప్పవే!"

"తెలుసు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెప్పింది."

"నాలుగేళ్లా? నా ముందు తిరుగుతా, నేను వండింది తింటా, నాలుగేళ్లు దాచావా?"

"నువ్వు పద్దెనిమిదేళ్లు అన్నావు గదా నాయనమ్మా!" రేష్మా గొంతు ఒక్కసారిగా పగిలింది. "నేను వింటానే పెరిగాను గదా! మీ అమ్మ అజాగ్రత్త, మీ అమ్మ చేతకానిది, మీ అమ్మ నన్ను నెట్టింది. నాన్న నీ మాట నమ్మి ఆర్నెల్లు అమ్మతో మాట్లాడలేదంట. నేను కూడా కోపమొచ్చి అమ్మను ఒకసారి అన్నాను, నా మొహం ఇట్టా చేసింది నువ్వే అని. పదో తరగతిలో. ఆమె తల వంచుకుని బియ్యం ఏరుకుంటా కూర్చుంది. ఒక్క మాట అనలేదు."

సైదాబీ ముందుకు వంగింది. "ఎందుకనలేదే? బట్టీలో పనిచేసేది, ఆమెకు తెలియదా? ఒక్కసారి నా మొహాన కొట్టినట్టు చెప్పాల్సింది గదా!"

"నేనూ అదే అడిగాను."

"ఏమంది?"

రేష్మా గోడకు ఆనుకుని, నెమ్మదిగా చెప్పింది. "మీ నాయనమ్మ తెలిసి చేసిందా? తన వల్లే కాలిందని తెలిస్తే నిన్ను మళ్లా ఎత్తుకోటానికి ఆమెకు చెయ్యి రాదు. నేను పనికిపోతే నిన్ను సాకేదెవరు? నన్నెన్నన్నా పర్లేదు, నిన్ను మాత్రం చంక దించకూడదు. చెప్పమాక, నేను పోయినా చెప్పమాక అంది."

నిజమే. ఎత్తుకున్న చెయ్యి దించలేదు సైదాబీ. గోరుముద్దలు పెట్టింది, జడ వేసింది, బడికి దింపింది. పిల్ల నిద్రపోయేటప్పుడు ఆ మచ్చ మీదే చెయ్యి వేసి జోకొట్టేది. ఆ చెయ్యి పిల్లకు దక్కాలని ఒక ఆడది ఊరందరి మాటా పడింది. ఒక్కసారైనా ఆ కోడలిని, అన్నం తిన్నావా అమ్మా అని మెత్తగా అడిగిందా తను? ఎంత వెతుక్కున్నా, పెళ్లినాటి భోజనంలో కూరలు కూడా మరిచిపోని సైదాబీకి అట్టాంటి రోజు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

సాయంత్రం జరీనా ఉండబట్టలేక మళ్లీ వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. "ఏందక్కా, మంచమెక్కావు? ఏమైంది?"

సైదాబీ లేచి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. "కూర్చోండి," అంది. "దీని చెంప ఎట్టా కాలిందో చెప్తాను."

"అది మాకు తెలిసిందేగా! నజీమా నిన్ను నెట్టి..."

"మీకు తెలియదు. నాకే ఇవాళ తెలిసింది." సైదాబీ గొంతు సవరించుకుంది. "పొడి సున్నం పడిందా, నేను తడికొంగు పెట్టాను. నేనే కాల్చాను. నా కోడలు నన్ను నెట్టి, దులిపి, నీళ్లు పోసి, పిల్ల కన్ను నిలబెట్టింది. నన్ను నెట్టకపోతే దీనికి చూపు ఉండేది కాదు. ఇది నేను ఎవరెవరికి తప్పుగా చెప్పానో అందరికీ చెప్పాలి. రేపు పిడుగురాళ్ల పోతా. ఎల్లుండి చుట్టాల దగ్గరికి క్రోసూరు. మీరూ చెప్పండమ్మా. నజీమా బంగారమని చెప్పండి."

చెప్పిన కథే, కానీ మొదటిసారి చెబుతున్నట్టు మాట మాటకీ తడుముకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. జరీనా ఆమె వీపు నిమిరింది.

తలుపు దగ్గర రేష్మా నిలబడి ఉంది. జుట్టు వెనక్కి ముడేసి ఉంది. ఎడమ చెంప మీదుగా కన్నీళ్లు మచ్చ ముడతల్లో దారి వెతుక్కుంటూ కారుతున్నాయి. వచ్చి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

సైదాబీ చెయ్యి అలవాటుగా కొంగుతో సహా ఆ చెంప వైపు వెళ్లింది. అంతలో ఆగిపోయింది. వెనక్కి తీసుకోబోయింది.

"తడిగా ఉందే," అంది, చిన్నపిల్లలా.

రేష్మా ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. తడిసిన కొంగును తనే తెచ్చి తన చెంపకు అదుముకుంది.

"పర్లేదు నాయనమ్మా. ఇప్పుడు సున్నం లేదుగా. తుడువు."