తూనీగ అందించిన మాటలు

ఎదుటివారి నోట్లోంచి మాట ఊడిపడకముందే అందుకుని పూర్తిచేయడం అరవై నాలుగు కళల్లో చేరకపోవడం లోకానికి తీరని లోటు. చేరి ఉంటే, ఆ కళకు ఏకైక చక్రవర్తిని మన తూనీగే. వయసు పదేళ్ళు.

ఆ సాయంత్రం చక్రవర్తిని బడి నుంచి దిగ్విజయంగా విచ్చేసింది.

"తాతా! క్లాసులో స్ట్రోక్ గురించి దంచేశా. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, నాళం చిట్లితే ఇంకో రకం. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలన్నా. అందరూ నవ్వుతూ విన్నారు! టీచర్ ఏదో చెప్పబోతే, 'థాంక్యూ టీచర్' అని నేనే ముగించేశా!"

తాతయ్య దర్జీ. ఆయనకు వచ్చింది మొదటి రకం. మెదడులో ఎడమవైపు దెబ్బతింది కనుక కుడిచెయ్యి, మాట రెండూ మొరాయించాయి.

ఆయన ఎడమచేత్తో మనవరాలి భుజం వైపు చూపించాడు. "చొ..."

"చలేస్తోందా? ఫ్యాన్ ఆపేస్తా!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చొ... చొ..."

"చోటు చాల్లేదా? జరుగుతా! కాదా? చాక్లెట్టా? అమ్మో, డాక్టరు వద్దన్నారు!"

తాతయ్య నోరు మూసుకుని గోడవైపు తిరిగాడు. పొద్దున కూడా ఇలాగే తిరిగాడు.

అప్పటికే మాటల వ్యాయామం చేయించే థెరపిస్టు అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తూనీగను చూసి నవ్వాపుకుని, వెంటనే ముఖం గంభీరంగా పెట్టింది.

"తాతగారి తెలివి ఎక్కడికీ పోలేదమ్మా. మాట తెలుసు, అది నోటికి రావడానికే టైం పడుతోంది. ఈమధ్య నా దగ్గరా ప్రయత్నం మానేస్తున్నారు. మానేస్తే ఎలా వస్తుంది?"

"నేను సాయం చేస్తున్నాగా అక్కా!"

"నడక నేర్చుకునే పాపాయిని రోజంతా ఎత్తుకు తిప్పితే సాయమా?"

 

తూనీగ మెల్లగా వెళ్ళి తాతయ్య ఎదుట కూర్చుంది. "మళ్ళీ చెప్పు తాతా. నాకేం తొందర లేదు."

ఆయన అనుమానంగా చూశాడు. "చొ..."

తూనీగ నాలుక చివర మాటలు సైన్యంలా బారులు తీరాయి. పెదవులు బిగించి కోట తలుపులు మూసేసింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. గోడమీది బల్లి కూడా విసిగి చోటు మార్చింది.

"చొ... చొక్కా."

తూనీగ ఎగిరి గంతేయబోయి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తి... తిర..." తాతయ్య నుదుట చెమట పట్టింది. కళ్ళు మాత్రం మెరిశాయి. "తిరగేసి... వేశావ్."

అక్క చప్పట్లు కొట్టింది. తూనీగ తల వంచి చూసుకుంది. కుట్లన్నీ పైకే ఉన్నాయి. మెడ వెనక కంపెనీ చీటీ పొద్దుటి నుంచీ బయటే వేలాడుతోంది.