నీళ్ళు తాగిన గోడ

“వీధిలో అందరి ముందూ ఆవిణ్ణి దొంగ అన్నానండీ. అప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు. తీసింది ఆవిడ కాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?” అంది డిటెక్టివు ఆఫీసుకొచ్చిన ఒక ఇంటావిడ, కుర్చీలో కూర్చోకుండానే.

పోయిన వారం ఆమె తల్లి ఉంగరం బీరువాలోంచి మాయమైంది. ఇంట్లో మసిలింది ముగ్గురే: ఆమె, ఆమె తమ్ముడు, హాలు గోడకు సున్నపు మెరుగు పెట్టిన మేస్త్రి. చేయి తిరిగిన మనిషని వాకబు చేసి మరీ పిలిపించిన మేస్త్రి ఆమె. దొంగన్న మచ్చ పడితే ఇక ఏ గడపా తొక్కనివ్వరు.

ఎక్స్‌రే అని పేరుబడ్డ డిటెక్టివు గొడుగు అందుకున్నాడు. అసిస్టెంటు వెంట నడిచాడు. తన కళ్ళకన్నా గురువుగారి కళ్ళ మీదే అతనికి గురి.

ఆమె ఇంటి హాల్లో గోడ అద్దంలా నిగనిగలాడుతోంది. తమ్ముడు ఎడమచేత్తో కాఫీ తాగుతున్నాడు. కుడిచేతి వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది.

“వేళ్ళకేమైంది?” అడిగాడు ఎక్స్‌రే.

“వేడి గిన్నె పట్టుకున్నా. అయినా ఈ గోడకి మేస్త్రి ఎందుకక్కా అని మొదట్నుంచీ మొత్తుకున్నా. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? వీడియో చూసి నేనే చేసేవాణ్ణి.”

కబురందుకుని వచ్చిన మేస్త్రి గుమ్మం బయటే నిలబడింది.

“గోడకి ఆఖర్న ఏం చేశారమ్మా?” అడిగాడు ఎక్స్‌రే.

“గోడంతా సబ్బునీళ్ళతో రుద్దానండి. అప్పుడే మెరుపొస్తుంది, నీళ్ళు పడ్డా జారిపోతాయి. మిగిలిన సున్నం బకెట్లో ఉంచి వెళ్ళా. మర్నాడు దానికోసం వస్తే దొంగన్నారు.”

“సున్నంతో చేతులు కాలవా?”

“తొడుగులుంటాయి కదండీ.”

ఎక్స్‌రే అందర్నీ గోడ ముందుకు పిలిచి చెంబుతో నీళ్ళడిగాడు.

“వద్దండీ, గోడ పాడైపోతుంది,” అన్నాడు తమ్ముడు.

“పొయ్యండి. నా గోడకేం కాదు,” అంది మేస్త్రి.

నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోయాయి. సోఫా వెనక మాత్రం అరచేయంత మేర గోడ తడిసి నల్లబడింది.

“ఇక్కడ సబ్బు పడలేదు,” అన్నాడు ఎక్స్‌రే. “ఇంత పనిమంతురాలు అది మరిచిపోదు. ఆమె వెళ్ళాక ఎవరో గోడ తవ్వి, బకెట్లో సున్నంతో పూడ్చారు. తొడుగుల్లేక వేళ్ళు కాల్చుకున్నారు. నీళ్ళనగానే భయపడ్డారు. బాబూ, ఆ వీడియో చివరిదాకా చూడాల్సింది.”

ఉలితో గీరగానే ఉంగరం బయటపడింది. తమ్ముడు తల దించుకున్నాడు.

“అమ్మ గుర్తు నీ ఒక్కదానికేనా అక్కా? గొడవ సద్దుమణిగాక తీసుకుందామనుకున్నా.”

“అడిగితే ఇచ్చేదాన్ని కదరా. ఈవిడ ఉసురు పోసుకున్నాం,” అంటూ ఇంటావిడ ఏడ్చేసింది. కాసేపటికి మేస్త్రి వైపు తిరిగి, “ఆ కన్నం పూడుస్తావా అమ్మా?” అంది.

“ఈ పనికి అతుకు నప్పదండి. గోడంతా మళ్ళీ చెయ్యాలి, చేస్తాను. కానీ ముందు మీ పని ఒకటుంది. దొంగన్నది వీధిలో. కాదన్నది కూడా అక్కడే చెప్పాలి.”

ఇంటావిడ కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి చెయ్యి పట్టుకుని గేటు తీసి వీధిలోకి నడిచింది. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకునేదాకా గొంతెత్తి పిలుస్తూనే ఉంది.