రెండు ఎడమ చేతుల చొక్కా

పొద్దున్నే కుట్టుమిషన్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. స్కూలుకు తయారవుతున్న టీచరమ్మ, చేతిలో దువ్వెనతోనే ముందు గదిలోకి వచ్చింది. బల్ల మీద నీలం చొక్కా పరుచుకుని దాని వంకే చూస్తూ కూర్చుని ఉంది తల్లి.

"ఏమైందమ్మా?"

"చేతులు కుదరట్లేదే. రెండూ ఎడమవే కత్తిరించాను."

కుట్టుపనితోనే ఇల్లు నడిపిన మనిషి. బట్టను ఎదురెదురుగా మడిచి రెండు చేతులూ కలిపి కత్తిరించడం ఆవిడకి కళ్లు మూసుకున్నా వచ్చే పని. ఈసారి మడవడం మరిచిపోయి, విడివిడిగా కత్తిరించేసింది.

నిన్న అమ్మ మెదడు స్కాన్ చూసి డాక్టరు చెప్పిన మాటలు కూతురిని ఇంకా వదల్లేదు. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేక మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్నాయట. అక్కడక్కడా తెల్లమచ్చలు. అడుగులు మందగించడం, పనిలో వరస తప్పడం అందుకేనట. పోయింది రాదు, బీపీ అదుపులో ఉంటే మిగిలింది నిలబెట్టుకోవచ్చు అన్నాడు.

"ఇక చాలమ్మా, ఓపిక లేదు నాకు. మిషన్ అమ్మేద్దాం."

"అమ్మేసి నన్నేం చేస్తావ్? గోడకి తగిలిస్తావా?"

"మాత్రలు మానేసిందెవరు? చిలక్కి చెప్పినట్టు చెప్పాను!"

"తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు. బానే ఉన్నాగా అనుకున్నానే. ఆ మిషన్ కూడా లేకపోతే ఇంక నేనెవర్నే?" తల్లి మిషన్ మీద చెయ్యి వేసింది. కూతురి వంక చూసి నెమ్మదిగా అడిగింది. "అవునూ, పోయిన నెల నీకూ బీపీ ఉందని మాత్రలు రాశారుగా. వేసుకుంటున్నావా?"

"నాకేమైంది? బానే ఉన్నా..."

మాట సగంలో ఆగింది. ఇప్పుడే అమ్మ నోట విన్న మాట. మాత్రలు హ్యాండ్‌బ్యాగులో అట్ట విప్పకుండా అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ల అలసటా, భయమూ ఒక్కసారిగా పొంగుకొచ్చి తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చేసింది.

"ఏడుపెందుకే పిచ్చిదానా. బట్ట మిగిలే ఉంది, కుడిచెయ్యి వస్తుంది. నువ్వు పక్కనుండి చూడు, చాలు."

కూతురు కళ్లు తుడుచుకుని లేచింది. రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి, అమ్మ మాత్రా తన మాత్రా బల్ల మీద ఎదురెదురుగా పెట్టింది.

"ఇకమీదట విడివిడిగా వద్దమ్మా. రెండూ కలిపే."

తల్లి గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"ముందు నువ్వు మింగు. నేను చూడాలి."