తొంభై ఆరు మార్కుల కాపురం

పొద్దున్న ఎనిమిదింటికి తరళ మణికట్టు మీది సుఖమాపకం "తొంభై ఆరు" అని తియ్యగా పలికింది. అప్పటికామె వంటింట్లో పొత్తికడుపు పట్టుకుని, గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ తొంభై ఆరే," అన్నాడు ఆమె భర్త ప్రణీత్ హాల్లోంచి, సంబరంగా.

కాకినాడలో పెళ్ళైన ప్రతి జంటా ఆ పట్టీ కట్టుకోవాల్సిందే. పడకగదిలో సుఖంగా ఉన్న దంపతులు తక్కువ పోట్లాడుకుంటారని, బాగా నిద్రపోతారని, వాళ్ళ గుండెలు గట్టిగా ఉంటాయని వైద్యులు ఏనాడో తేల్చారు. అంతవరకూ నిజమే కావచ్చు. కానీ ఆ సుఖం సంగతి మనుషుల్నే అడిగి తెలుసుకునే తీరిక ఎవరికీ లేక, ఆ పని యంత్రానికి అప్పజెప్పారు మహానుభావులు. రాత్రి నాడి ఎంత వేగంగా కొట్టుకుంది, ఊపిరి ఎలా ఎగసింది, చెమట ఎంత పట్టింది, కండరాలు ఎంత బిగిశాయి, అన్నీ కలిపి తెల్లారేసరికి అది నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది.

పెళ్ళైన కొత్తలో తరళ ఒకసారి చెప్పింది, కలిసినప్పుడల్లా కత్తితో కోసినట్టుంటోందని. ప్రణీత్ ఆమె ముఖం చూడలేదు, పట్టీ చూశాడు. "తొంభై మూడుందే. కొత్త కదా, అలా అనిపిస్తుందిలే," అన్నాడు. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేది. ఆమె సుఖపడుతోందని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. అదే ఆమెకు ఒళ్ళు మండించేది. మూడేళ్ళు పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఎంత ఓర్చుకుంటే అన్ని మార్కులు వచ్చాయి.

ఇవాళ ఇక ఓపిక లేక వార్డు దాంపత్య ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. ప్రణీత్ తోడు వచ్చాడు. నర్సు ఎస్తేరు మాపకం చూసి నవ్వింది.

"తొంభై దాటినోళ్ళకి పరీక్షలుండవు మేడం. మీకే జబ్బూ లేదండి."

"నొప్పి అంటున్నాను."

"మాపకం అలా చెప్పట్లేదు కదండీ."

తరళకు అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టీ ఊడబీకి నర్సు ముందు బల్ల మీదకు గిరాటేసింది.

"నొప్పొచ్చింది దానికా, నాకా? నొప్పికి గుండె కొట్టుకోదా? చెమట పట్టదా? ఒళ్ళు బిగుసుకోదా? మూడేళ్ళ నుంచీ మీరు మార్కులేస్తున్నది నా బాధకి."

వరండాలో కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ప్రణీత్ ముఖం పాలిపోయింది. లోపల్నుంచి డాక్టర్ రహమతున్నీసా బయటికొచ్చింది. ఈ పట్టీలు పుట్టకముందే వైద్యం చదివి, చేత్తో రోగిని చూడటం నేర్చుకున్న మనిషి ఆవిడ. తరళను లోపలికి తీసుకెళ్ళి అరగంట పరీక్షించి, స్కాన్ కూడా తీసింది. తర్వాత ప్రణీత్‌ను పిలిచింది.

"గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయటికి పాకి పేగుకి అంటుకుంది. మూడేళ్ళ క్రితం వస్తే మందులతో అదుపులో పెట్టేదాన్ని. ఇప్పుడు ఆపరేషనే."

"నాకు తెలీదండి," అన్నాడు ప్రణీత్.

"నేను చెప్పాను," అంది తరళ.

డాక్టరు నర్సును కేకేసింది.

"ఎస్తేరూ, మన వార్డులో తొంభై దాటిన ఆడవాళ్ళందరి పేర్లూ తియ్యి. అందర్నీ ఇవాళే పిలిపించు."

పదకొండు పేర్లు తెర మీదికి వచ్చాయి. అన్నిటికంటే పైన మేఖల, తొంభై ఎనిమిది. ఆమె ప్రణీత్ చెల్లెలు, పెళ్ళై ఏడాదైనా కాలేదు.

ప్రణీత్ ఫోను తీసి చెల్లెలి నంబరు నొక్కి, తరళ చేతికివ్వబోయాడు.

"ఆడవాళ్ళ సంగతి కదా. నువ్వడుగు."

"అడగను," అంది తరళ. "నన్ను అడగలేదు, నీ చెల్లెల్నైనా అడుగు. సిగ్గయితే సిగ్గుపడే అడుగు."

అన్న చెల్లెల్ని అడిగే మాట కాదది. ఈలోగా మేఖల ఫోనెత్తేసింది. ప్రణీత్ తల వంచుకుని, మాటామాటా కూడగట్టుకున్నాడు.

"అమ్మలూ, మీ ఆయనతో ఉన్నప్పుడు... నీకేమన్నా నొప్పిగా ఉంటోందా?"

మేఖల చిన్న గొంతుతో అడిగింది.

"నీకెవరు చెప్పారన్నయ్యా?"