తవిటమ్మ ఇచ్చిన బెంగ

మాస్టారు 'దాహం' అని చదివేరు. పిల్లలంతా ఒక్క గొంతుతో 'దాహం' అన్నారు. అంతే, అందరికీ నాలిక పిడచకట్టుకుపోయింది. అప్పటిదాకా గిల్లుకుంటూ కూచున్న పిల్లలు నీళ్ళ సీసాల మీద పడి గటగటా తాగేసేరు. గుమ్మం దగ్గర కూచుని చూస్తున్న తవిటమ్మకి ఒళ్ళు జలదరించింది.

పిల్లల నుదుటికి తలో రబ్బరు పట్టీ ఉంది. బల్ల మీద బియ్యం డబ్బా అంత మెషిను. దాన్ని చేసిన సైంటిస్టు సుచరిత గారు పట్నం నుంచి వచ్చి, జీడితోటల మధ్య ఉన్న ఈ బడిలో పరీక్ష పెట్టేరు. సంగతేటంటే, ఇప్పటి పిల్లలు పాఠం గడగడా చదివేస్తారు గానీ, కొత్త మాటకి అర్థం అడిగితే నోరెళ్ళబెడతారు. అందుకే ఈ మెషిను. ఆ మాట నిజంగా అనుభవించిన మనిషి దగ్గర ఆ అనుభవం తీసుకుంటుంది. చదువుతుంటే ఆ మాట వచ్చినప్పుడు, పట్టీలోంచి పిల్లల మెదడుకి పంపిస్తుంది. దాహం ఇచ్చినాయన ఉప్పుమళ్ళలో పనిచేస్తాడు. చలి ఇచ్చినాయన కొండ మీద మేకలు కాస్తాడు. అలా నేర్చుకున్న మాట ఇక జన్మలో మర్చిపోరు.

తర్వాత పాఠం ఒక ఆవుది. దూడ చచ్చిపోయి ఆవు మేత ముట్టదు. 'ఆవు బెంగ పెట్టుకుంది' అని మాస్టారు చదివితే పిల్లలు పకపకా నవ్వేరు. ఆవు డైటింగ్ చేస్తంది కాబోలు అన్నాడొకడు. ఎవరు ఎక్కడున్నా ఫోన్లో మొహం కనబడే కాలంలో పుట్టిన పిల్లలు, వాళ్ళకి బెంగ ఎక్కడిది?

ఊళ్ళో అది ఎవరి దగ్గరుందో కూర్మారావు మాస్టారికి తెలుసు. తవిటమ్మ కూతురు పైడమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. సొన తగిలి వేళ్ళు నల్లగా మాడిపోయేవి. పొద్దు వాలేసరికి తల్లి ఆముదం వెచ్చబెట్టి, ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకీ రాసేది. నిరుడు తోటలో పాము కరిచి పిల్ల పోయింది. తవిటమ్మ ఇప్పటికీ పొద్దు వాలితే ఆముదం వెచ్చబెడుతుంది. చల్లారేదాకా ఆ గిన్నె ముందు కూచుని ఏడుస్తుంది.

ఆ బెంగ పిల్లల కోసం ఇమ్మని సుచరిత గారు అడిగితే, "తీస్తే నొప్పెడతాదేటమ్మా?" అంది తవిటమ్మ.

"నొప్పుండదు. ఉప్పుమళ్ళాయనకి ఇప్పటికీ దాహం వేస్తూనే ఉంది కదా. నీది నీ దగ్గరే ఉంటుంది," అన్నారు సుచరిత.

మాస్టారు మాత్రం తొందరపడొద్దు, ఆలోచించుకోమన్నారు. తవిటమ్మ ఆలోచించింది ఒక్కటే. రేపు తను పోతే పైడమ్మని తలుచుకునే దిక్కు లేదు. ఇలాగైతే ఇంతమంది పిల్లల్లో ఉంటుంది.

"కట్టమ్మా," అని తల వంచింది.

మర్నాడు అదే పాఠం చదివేరు. 'బెంగ' అన్నారు పిల్లలు. ఎవరూ నవ్వలేదు. తవిటమ్మ పక్కింటి పిల్ల లోహిత బల్ల మీద తల వాల్చేసింది. మిగతావాళ్ళు కిటికీలోంచి తోట దారికేసి చూస్తూ ఉండిపోయేరు, ఎవరో రావలసినట్టు. సుచరిత గారి మొహం వెలిగిపోయింది. మాస్టారు బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. పాపం పిల్లలకి ఏమైందో అనుకుంది తవిటమ్మ.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వండుకుని, కడుపునిండా తింది. పొయ్యి పక్కన ఆముదం గిన్నె కనబడితే, పాడైపోతుందని తన మడమలకి రాసేసుకుంది. కూతురు గుర్తుంది. పాము గుర్తుంది. మంచం మీద మోసుకొచ్చింది గుర్తుంది. ఎవరింట్లోనో జరిగింది విన్నట్టుంది. అప్పుడు పుట్టింది భయం.

తెల్లారగానే బడికి పరుగెత్తింది. "బిడ్డ పోనాదని తెలుస్తంది. తెలిసీ నాకేటీ అవ్వట్నేదు. నాది నాకిచ్చియ్యమ్మా."

"దాహం రోజూ కొత్తగా పుడుతుంది. తీసినా మళ్ళీ ఊరుతుంది. పోయిన మనిషి మీద బెంగ మళ్ళీ పుట్టదని నాకు తట్టలేదు," అన్నారు సుచరిత గారు. ఆ పట్టీ ఎవరి దగ్గరనుంచైనా తీసుకుంటుంది గానీ, తిరిగి ఎక్కించడం మాత్రం లేత తలలకే.

పరీక్ష మాత్రం నెగ్గింది. చుట్టుపక్కల బళ్ళన్నిటికీ మెషిన్లు వచ్చేయి, తవిటమ్మ బెంగతో సహా. ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా పొద్దు వాలేసరికి పిల్లలు ఆటలాపేసి దారికేసి చూస్తారు.

ఒకనాటి సాయంత్రం లోహిత గిన్నెతో వెచ్చటి ఆముదం పట్టుకొచ్చింది. "మామ్మా, పైడక్క వేళ్ళకి," అంది.

"అది సచ్చిపోనాది కదే," అంది తవిటమ్మ, వాన వెలిసిందని చెప్పినట్టు.

పిల్ల ఎక్కెక్కి ఏడ్చింది. తవిటమ్మ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, తన బిడ్డ ఏడుపుని పక్కింటి పిల్ల కళ్ళలో చూస్తూ కూచుంది. "అదెలాగుంటాదో నాకు సెప్పే," అని అడిగింది.

లోహితకి చెప్పడం రాలేదు. మాస్టారు నేర్పినట్టే పుస్తకం తీసి, ఆ మాట మీద వేలు పెట్టింది.

"బెంగ," అంది.

"బెంగ," అంది తవిటమ్మ.

"మళ్ళీ అను మామ్మా."

"బెంగ."

గిన్నెలో ఆముదం చల్లారిపోయింది.