తోలు పిడి మీద నల్లమచ్చ

వెల్లుల్లి వేసి అన్నం వేయించి, ఎండుచేపలు కాల్చి పెట్టి, వీధి వైపు రేకుల కింద ఉన్న రెండు పూల్ ఆట బల్లలూ తుడిచాక కూడా బెలెన్‌కి ఇంకేదైనా చెయ్యాలనిపించింది. పక్షవాతం వచ్చి ఏడాదిగా పట్నంలో కూతురింట్లో ఉండి వైద్యం చేయించుకుంటున్న మామగారు డెల్ఫిన్ ఇవాళ ఇంటికొస్తున్నారు. మంచి కోడలనిపించుకోవాలని ఆమె ఆశ. ఆశ మంచిదే, అలమారా మీదికి చెయ్యి చాపనంతవరకు.

అక్కడ బాల ఏసు బొమ్మ పక్కన, ఆయన పూల్ బంతులు కొట్టే పొడవాటి కర్ర, క్యూ, ఉన్న పెట్టె ఉంది. క్యూ పిడికి చుట్టిన గోధుమరంగు తోలు మీద, ఆయన కుడిచెయ్యి నలభై ఏళ్లు పట్టుకున్నచోట, నల్లటి మచ్చ. బెలెన్ కంటికి అది వట్టి జిడ్డు. అంట్లసబ్బు నురగ చేసి, పాత పళ్లబ్రష్షుతో మచ్చ పోయేదాకా తోమి, ఉతికిన బట్టల పక్కన ఎండబెట్టింది. కాసేపయ్యాక చూస్తే తోలు బూడిదరంగుకి తిరిగి, అప్పడంలా బిరుసెక్కింది. చప్పున దాన్ని తీసుకుని లోపలికి పరుగెత్తింది.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?" భర్త రొడెల్ క్యూ లాక్కున్నాడు.

"శుభ్రం చేద్దామని..."

"శుభ్రమా! ఆ నలుపు మా నాన్న చెయ్యే! ఆయన ఇక ఆడలేడు. మిగిలిందల్లా ఆ మచ్చొక్కటే. అదీ కడిగి పారేశావు."

అత్తగారు లిగాయా గుమ్మంలోకి వచ్చింది. "అరవకురా, వీధంతా పోగవుతారు. అయినా చేప పొలుసు గీకినట్టు గీకావు కదమ్మా!"

అమ్మ దగ్గరికి వెళ్లిపోదామా అనుకుంది బెలెన్. ఇంతలో వీధిలో, మోటారుసైకిల్‌కి పక్కబండి తగిలించిన బాడుగ ట్రైసికిల్ ఆగింది. కొంచెం వంకరపోయిన నోటితో, చేతికర్ర ఊతంగా డెల్ఫిన్ దిగారు. రొడెల్ చటుక్కున క్యూ వీపు వెనక పెట్టుకున్నాడు.

"ఏంట్రా దాస్తున్నావు? నాకు పడిపోయింది చెయ్యి, కళ్లు కాదు."

"నేనే మావయ్యా," బెలెన్ ముందుకొచ్చింది. కన్నీళ్లు ఆగలేదు. "మీకోసం మెరిపిద్దామని సబ్బు పెట్టి తోమేశాను. పాడుచేశాను."

ఆయన కుర్చీలో కూర్చుని, ఎడంచేత్తో క్యూ అందుకుని వాసన చూశారు. "నిమ్మసబ్బా? ఘుమఘుమలాడుతోంది. ఒరే, నేను వెళ్లాక దీన్ని ఎవరైనా పట్టుకున్నారా?"

"ఎవర్నీ ముట్టనివ్వలేదు నాన్నా. దేవుడి పక్కనే పెట్టాను."

"గొప్ప పని చేశావు! తోలు అరచేతి చెమటా నూనే తాగి బతుకుతుందిరా. ఏడాది దాన్ని పస్తుంచావు. ఈ పిల్ల స్నానమైనా చేయించింది."

పెట్టెలోంచి తోలుకి రాసే క్రీము తీయించారు. "బఠాణీ గింజంత చాలు. గుడ్డకి రాసుకో, తోలుకి కాదు. మెల్లగా తిప్పుతూ పట్టించు. ఇకమీదట తడిగుడ్డ తగిలీతగలనట్టు తుడవాలి. ఎండలో మాత్రం పెట్టకు తల్లీ."

బెలెన్ అలాగే పట్టించింది. తోలు మెత్తబడింది.

"ఇప్పుడు పొడిగుడ్డతో రుద్దు. నీ అరచెయ్యి వేడెక్కాలి."

రుద్దేకొద్దీ గోధుమరంగు తిరిగొచ్చింది. దాని మధ్యలోంచి ముందు పొగమరకలా, తర్వాత చిక్కగా, నల్లమచ్చ బయటపడింది.

"మావయ్యా, మచ్చ!"

"పోయింది పైజిడ్డే. లోపలికి ఇంకింది నీ సబ్బుకి పోతుందా?"

బెలెన్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేశాయి. లిగాయా తన గౌను అంచుతో కోడలి ముఖం తుడిచింది.

రొడెల్ తల దించుకున్నాడు. "నోరు జారాను బెలెన్."

"అయితే రాత్రికి చేప పొలుసు నువ్వు గీకు," అంది బెలెన్.

డెల్ఫిన్ కోడలి చెయ్యి పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టారు. "రోజూ కాసేపు ఇలా పట్టుకోవాలి."

"నాకు ఆట రాదు మావయ్యా."

"నాకు చెయ్యి లేదు, నీకు ఆట లేదు. ఇద్దరం కలిస్తే ఒక ఆటగాడికి సరిపోతాం."

రొడెల్ వెళ్లి బల్ల మీద బంతులు పేర్చాడు.