బాయిలర్ మీద తాళంచెవులు

లినెట్‌కి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తనకో, చంటి పిల్ల బెకీకో ఏదైనా అయిన రోజున భర్త డెరిక్ కళ్ళప్పగించి చూస్తూ నిలబడతాడు గాని, ముందుకి మాత్రం రాడేమోనని. పెళ్ళయిన కొత్తలో ఇది నవ్వులాటగా ఉండేది. పాప పుట్టాక నవ్వు రావడం మానేసింది.

డెరిక్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. అతని వృత్తే అలాంటిది. నిజం మనుషుల్ని వాళ్ళ ఇళ్ళలోనే పెట్టి సినిమాలు తీసేవాడు. మనిషి ఏడిస్తే ఓదార్చకూడదు, మాట ఆగిపోతే అందించకూడదు, మనం ఊరుకుంటే వాళ్ళే అసలు సంగతి చెబుతారు... అదీ అతను నేర్చిన విద్య. ఆ విద్యతోనే ఇంగ్లండులో తన సొంత ఊరు హల్ రేవు కూలీల మీద టెలివిజన్‌కి చిన్న చిన్న చిత్రాలు తీసి పేరు తెచ్చుకున్నాడు. లండన్ పిలిచింది. అక్కడ పెద్ద నటులతో రెండు సినిమాలు తీశాడు. మొదటిది ఆడింది, రెండోది వారం తిరక్కుండా ఎత్తేశారు. ఆ తర్వాత పిలిచేవాళ్ళు లేరు. బిస్కెట్ల ప్రకటనలు తీసి ఇల్లు నడిపాడు. చివరికి సొంత ఊరికే తిరిగొచ్చాక, టెలివిజన్ వాళ్ళు మళ్ళీ ఒక అవకాశమిచ్చారు. చేపల ఓడలు చాలామటుకు మూలబడ్డ హల్‌లో మిగిలిపోయిన ఆడవాళ్ళ మీద సినిమా. డెరిక్ ఎవర్నో వెతుక్కోలేదు. భర్తని సముద్రానికిచ్చి ఒంటరిగా బతుకుతున్న తన తల్లి హిల్డానే కెమెరా ముందు కూర్చోబెట్టాడు.

"ఇది కూడా పోతే నన్నింకెవరూ పిలవరు లినెట్. అమ్మ బాగా మాట్లాడుతుంది" అన్నాడు.

"నువ్వు కొడుకులా అడిగితే ఇంకా బాగా మాట్లాడుతుంది" అంది లినెట్.

జనవరి చలి. హిల్డా వంటింట్లో ఇల్లంతా వెచ్చబెట్టే పాత బాయిలర్ ఒకటుంది. దాని హోరు మాటల్లో కలుస్తోందని, శబ్దం పట్టే ట్రెవర్ దాన్ని ఆర్పేశాడు. ఇలా ఆర్పినప్పుడల్లా ట్రెవర్ వ్యాన్ తాళంచెవులు తెచ్చి దానిమీదే పెట్టేవాడు. చెవుల కోసం రాక తప్పదు, వచ్చాక వెలిగించక తప్పదు. ఆ పనిలో ఉన్నవాళ్ళు, ఆర్పినవి మళ్ళీ వెలిగించడం మర్చిపోకుండా పెట్టుకున్న అలవాటది. ఆ గురువారం సాయంత్రం రేవు మీద బొమ్మ తియ్యడానికి వెలుతురు పోతోందని డెరిక్ తొందరపడ్డాడు. పరుగున వంటింట్లోకి వెళ్ళి చెవులు లాక్కుని, "తీసుకున్నాను, పద" అన్నాడు. వెలిగించే ఉంటాడనుకున్నాడు ట్రెవర్.

గుమ్మంలోంచి డెరిక్ తల్లికి ఒక్క మాట చెప్పాడు. "రేపు ఇక్కణ్ణుంచే మొదలుపెడతాం అమ్మా. అన్నీ ఇలాగే ఉండాలి. దేన్నీ ముట్టుకోకు."

మర్నాడు అతనికి ఇంకా వేటకెళ్తున్న ఒక చేపల ఓడ మీద వెళ్ళే వీలు దొరికింది. రావడం లేదని తల్లికి కబురు చెయ్యడం మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున లినెట్ అత్తగారికి ఫోను చేసింది.

"ఎలా ఉన్నారు అత్తయ్యా?"

"బానే... ఉన్నానమ్మాయ్. కుర్చీ... కదపలేదు..."

మాట తాగినవాళ్ళలా ముద్దగా వస్తోంది. హిల్డా జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు! లినెట్ పాపని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కింది.

ఇంట్లో నోటి ఆవిరి కనిపిస్తోంది. హిల్డా అదే కుర్చీలో, సినిమాలో వేసుకున్న అదే పల్చని జాకెట్టుతో కూర్చుని ఉంది. రాత్రుళ్ళు కోటు కప్పుకుని పడుకుని, పొద్దున్నే అది తీసేసి, కొడుకు వస్తాడని వచ్చి కూర్చునేదట. వేళ్ళు నీలంగా ఉన్నాయి. వణికే ఓపిక కూడా ఒంట్లో లేదు.

"బాయిలర్ వెలిగించుకోవచ్చు కదా అత్తయ్యా..."

"ముట్టుకోవద్దన్నాడు కదమ్మా వాడు... ఇదే ఆఖరి అవకాశమట... నా వల్ల చెడిపోతే?"

లినెట్ ఆంబులెన్సుని పిలిచింది. అది వచ్చేదాకా అత్తగారిని కావలించుకుని, ఇద్దరి మధ్యా పాపని పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం దాకా ఆగుంటే ప్రాణం దక్కేది కాదన్నాడు ఆస్పత్రి డాక్టరు.

కబురందుకుని ఆ రాత్రి డెరిక్ చేపల కంపు కొడుతూ ఓడ మీంచి నేరుగా వచ్చాడు. వచ్చి, వార్డు గోడకి చేరబడి నిలబడిపోయాడు. అదే చూపు. లినెట్ ఇన్నాళ్ళూ భయపడింది ఈ చూపుకే.

"అక్కణ్ణుంచి బొమ్మ బాగా వస్తుందేమో డెరిక్. మీ అమ్మ చెయ్యి మాత్రం ఇక్కడుంది" అంది నెమ్మదిగా.

వెనకే వచ్చిన ట్రెవర్ మొహం పాలిపోయింది. "నువ్వు వెలిగించలేదా?"

"లేదు. తాళంచెవులు తీస్తున్నప్పుడు అది ఆరే ఉందని తెలుసు. వెలుతురు పోతోందని..." డెరిక్ మాట ఆగిపోయింది. ఈసారి అతనికి మాట అందించేవాళ్ళు లేరు.

హిల్డా కళ్ళు తెరిచింది. "వెలుతురు దొరికిందా నాయనా?"

"దొరికిందమ్మా" అన్నాడు. అంటూనే వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, ఆ చేతిని తన బుగ్గకి ఆనించుకున్నాడు. "ఈ సినిమా ఇంక వద్దమ్మా."

"నోర్ముయ్. ఊరికే గడ్డకట్టుకుపోయానా నేను? తియ్యి. ఈసారి స్వెట్టరేసుకుంటాను."

లినెట్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నా కోడలు రాకపోతే నీకు తల్లి లేదురా" అంది హిల్డా. డెరిక్ తలెత్తి భార్యని చూశాడు. లేచి, పొద్దుట్నుంచీ ఆమె భుజం మీదే ఉన్న పాపని అందుకున్నాడు.

సినిమా పూర్తయింది. హిల్డా మాటల వెనక మొదటినుంచి చివరిదాకా బాయిలర్ హోరు వినిపిస్తుంది. టెలివిజన్ వాళ్ళు గొణిగారు గాని, డెరిక్ ఆ హోరుని తీసెయ్యనివ్వలేదు. మళ్ళీ పిలుపులొస్తున్నాయి. ఇప్పుడు ఉత్తరాన స్కాట్లండ్ దీవుల్లో గొర్రెల కాపర్లని తీస్తున్నాడు. రోజూ తల్లికి ఫోను చేస్తాడు. లినెట్ భయం పూర్తిగా పోయిందని చెప్పను, తగ్గింది.

ఈ వారం బెకీకి తట్టు పోసింది. అత్తగారిని చూసి రావాలన్నా లినెట్ గడప దాటడానికి లేదు. మీరెవరైనా హల్‌లో హెసిల్ రోడ్డు వైపు వెళ్తుంటే హిల్డా స్టాథర్స్ తలుపు ఒక్కసారి తట్టండి. బానే ఉన్నానంటుంది, నమ్మకండి. లోపలికెళ్ళి కాసేపు కూర్చోండి. మీకు చలేస్తే ఆవిడకీ వేస్తున్నట్టే.